బూట్లు విప్పని దొర, భరిణె పట్టుకున్న నేను

రెండువేల పన్నెండో సంవత్సరం, మే నెల ఇరవయ్యారో తేదీ, శనివారం సాయంత్రం ఆరు గంటల ఇరవై నిమిషాలకు నేను మిషిగన్‌లో ట్రాయ్ అనే ఊళ్లో, నా కొడుకు ఇంటి గుమ్మం బయట కుంకుమ భరిణె పట్టుకుని నిలబడి ఉన్నాను. టైము ఇంత సరిగ్గా ఎలా తెలుసంటే, మనవరాలు కారు ఆపినప్పుడు లోపల అంకెలు వెలుగుతున్నాయి. అంకెలు నాకు చిన్నప్పటినుంచీ వచ్చు. అక్షరాలే ఆలస్యంగా వచ్చాయి.

అవి ఎలా వచ్చాయో ముందు చెప్పేస్తాను. మా ఆయన పోయిన ఏడాదే, రెండువేల ఒకటిలో, మా అమ్మాయి నన్ను ఈ దేశంలో పార్సిప్పనీ అనే ఊరికి, తన దగ్గరికి తీసుకొచ్చింది. మనవరాలికి అప్పుడు పదమూడేళ్లు. ఆదివారాలు ఒకావిడ తన ఇంటి బేస్‌మెంట్‌లో పిల్లలకు తెలుగు చెప్పేది. ఈ పిల్ల వెళ్లనని మొండికేసింది. "నేనూ వస్తాను పద, ఎవరికి ముందు వస్తుందో చూద్దాం" అన్నాను. అలా తోడుగా వెళ్లినదాన్ని నేనే కూర్చుండిపోయాను. మొదట్లో అన్నీ సున్నలే దిద్దించింది. నా సున్న కోడిగుడ్డులా వచ్చేది. పక్కన పిల్లలు నవ్వేవారు, నేనూ నవ్వేదాన్ని. మనవరాలు రెండేళ్లకు మానేసింది. నేను మానలేదు. ఈ రాస్తున్నది ఆ చదువే.

ఇప్పుడు దొర సంగతి. ఆయన పేరుకి నాకు నోరు తిరగదు. కంపెనీ పాలన నాటి మనిషి. కొండల అవతల ఉన్న ఒక రాజుతో స్నేహం కుదుర్చుకు రమ్మని కలకత్తా నుంచి రాయబారిగా పంపితే, నేలదారినే మంచుకొండలు ఎక్కి దిగి వెళ్లాడట. దారిలో చూసిందల్లా రాసిపెట్టాడు. పెద్దయ్యాక మా మనవరాలు యూనివర్సిటీలో మాస్టర్స్ చేస్తూ ఆ రాతల మీదే థీసిస్ మొదలుపెట్టింది. తెలిసినవాళ్ల పిల్లలంతా కంప్యూటర్లు, మందుల కంపెనీలు అంటుంటే ఇది చచ్చిపోయిన దొర వెంట పడింది. "దీనికి ఉద్యోగం ఎవడిస్తాడే?" అని మొహం మీదే అడిగాను.

"ఎవరో ఒకరు ఇస్తారు అమ్మమ్మా. నువ్వు వర్రీ చెయ్యకు" అంది.

ఆ చలికాలమంతా నేను చిక్కుడుకాయలు తుంచుతుంటే ఎదురుగా ఎత్తు కుర్చీలో కూర్చుని, ఇంగ్లీషు కాగితాలు చూస్తూ నాకు తెలుగులో చెప్పేది. గడ్డి దొరక్క గుర్రాలు ఒకదాని తోక ఒకటి కొరుక్కున్నాయట. తాళ్ల వంతెన మీద నడవలేక దొర కళ్లు మూసుకుంటే కూలీ వీపున మోసుకుని దాటించాడట. దొర మాత్రం తన పుస్తకంలో "మేము వంతెన దాటితిమి" అని రాసుకున్నాడు. అది చదివి మనవరాలికి కోపం వచ్చింది, నాకు నవ్వు వచ్చింది. ఒక మడత కుర్చీ ఆ కొండల పొడుగునా మోయించాడు, ఎక్కడా నేల మీద కూర్చోకూడదని. చివరకు ఆ రాజ్యం సరిహద్దు కోట దగ్గర ఆపేశారు. కోట అధికారి రోజూ అక్రోటుకాయలు, వేటమాంసం, మంచి మాటలు పంపేవాడు. లోపలికి మాత్రం రానివ్వడు. కథ అక్కడ ఉండగా ఇంట్లో పెళ్లి పనులు మొదలై దొర కాగితాలు సంచిలోకి పోయాయి.

పెళ్లి మనవరాలిదే. వరుడు పిస్కాటవేలో ఉద్యోగం చేసే తెలుగు పిల్లాడే, ఇద్దరూ ఇష్టపడ్డారు. ముహూర్తం ఆగస్టులో. అంతా బాగానే ఉంది, బుట్ట దగ్గర తప్ప.

మాలో పెళ్లికూతుర్ని మేనమామ బుట్టలో కూర్చోబెట్టి మండపానికి మోసుకు రావాలి. ఈ పిల్లకు ఉన్నది ఒక్కడే మేనమామ, నా కొడుకు. ట్రాయ్‌లో కార్ల కంపెనీ ఇంజనీరు. వాడికీ మా అమ్మాయికీ నాలుగేళ్లుగా మాటల్లేవు.

అది ఎలా జరిగిందో వింటే మన తెలుగువాళ్లకు తప్ప ఎవరికీ అర్థం కాదు. మా అమ్మాయి, అల్లుడు పార్సిప్పనీలో కొత్త ఇల్లు కొని గృహప్రవేశం పెట్టుకున్నారు. పిలుపులు మా అమ్మాయి కంప్యూటర్లో చేసింది. ఒక్క నొక్కుకి అందరికీ వెళ్లాయి. ఆఫీసు తెల్లవాళ్లకు ఏది వెళ్లిందో వదినకూ అదే వెళ్లింది, వస్తారా రారా అని నొక్కమంటూ. బొట్టు పెట్టి పిలవడానికి ట్రాయ్ దాకా ఎవరూ వెళ్లరు, అది అందరికీ తెలిసిందే. కానీ ఫోన్ చేసి "బొట్టు పెట్టి పిలుస్తున్నాననుకో వదినా" అనడం ఈ దేశంలో కూడా మనవాళ్లు మానలేదు. ఆ మాట కోసం నా కోడలు పది రోజులు చూసింది. మా అమ్మాయి చెయ్యలేదు. "సొంత అన్నకి కూడా చెప్పాలా? అది వాడి ఇల్లే కదా" అనుకుంది. వాళ్లు రాలేదు. గృహప్రవేశం నాడు పీటల మీద కూర్చున్నప్పుడు పుట్టింటివాళ్లు బట్టలు పెట్టాలి. పెట్టేవాడు లేక మా అమ్మాయి అందరి ముందూ తల దించుకుంది. అంతే. ఈమెకు చీర రాలేదని, ఆమెకు పిలుపు రాలేదని.

అంతకుముందు నేను ఆరు నెలలు ఇక్కడ, ఆరు నెలలు అక్కడ ఉండేదాన్ని. గొడవ రోజున పార్సిప్పనీలో ఉన్నాను కాబట్టి ఇక్కడే ఇరుక్కుపోయాను. కొడుకు ప్రతి ఆదివారం నా ఫోన్‌కి చేస్తాడు. మోకాళ్లు ఎలా ఉన్నాయి, బీపీ మాత్ర వేసుకున్నావా అంటాడు. "అక్కడ అందరూ బాగున్నారా" అని ఒక్కసారి కూడా అనడు. రెండుసార్లు విమానం టికెట్ తీస్తానన్నాడు. "నువ్వొచ్చి తీసుకెళ్తే వస్తాను" అన్నాను. ఆ గుమ్మం వాడు తొక్కడు, నేను కదలను. ముగ్గురం ఒక్క రక్తమే కదా.

మా అమ్మాయి బుట్టకు వేరే ఏర్పాటు చూసింది. "మన పక్క వీధి అంకుల్ ఉన్నారుగా. జిమ్‌కి వెళ్తారు. ఆయన మోస్తారు" అంది.

మనవరాలు తింటున్న పళ్లెం పక్కకు నెట్టింది. "అమ్మా, ఆ అంకుల్ నాకు మావయ్య కాదు. నాకు స్కేటింగ్ నేర్పింది మావయ్య. నా పన్ను ఊడినప్పుడు దాచింది మావయ్య. మావయ్య రాకపోతే బుట్ట వద్దు. నడిచి వస్తా."

"నడుచుకుంటూ వస్తుందట! జనం ఏమనుకుంటారే?"

"అయితే ఒక్క ఫోన్ చెయ్యి."

"నేనెందుకు చెయ్యాలి? వాడు చెయ్యొచ్చుగా."

పిల్ల నా వైపు తిరిగింది. "చూశావా అమ్మమ్మా? దొర మడత కుర్చీ."

నేను అప్పుడే అనేశాను, మనమిద్దరం వెళ్దాం అని. మా అమ్మాయి వద్దనలేదు, ఊ అనలేదు. బయల్దేరే రోజు మాత్రం శుభలేఖ, పండ్లు, వదినకో పట్టుచీర, అన్నకు బట్టలు, నా అత్తగారి నాటి వెండి కుంకుమ భరిణె ఒక సంచిలో సర్ది గుమ్మం దగ్గర పెట్టింది. "నేను పంపానని చెప్పకండి" అంది. ఇంకెవరు పంపినట్టో!

సోమవారం కూడా సెలవు కాబట్టి శనివారం తెల్లవారుతూనే కారెక్కాం. ఎనభయ్యో నంబరు హైవే మా ఇంటి పక్కనుంచే పోతుంది. ఆ ఒక్క రోడ్డే పట్టుకుంటే పెన్సిల్వేనియా అంతా దాటి ఒహాయోలోకి తెస్తుంది. పెన్సిల్వేనియా తరగని రాష్ట్రం. కొండలు, చెట్లు, మళ్లీ కొండలు. పులిహోర డబ్బా ఒళ్లో పెట్టుకుని "ఇక చెప్పవే, కోట దగ్గర ఆపారుగా, తరవాతేమైంది?" అన్నాను.

పిల్ల స్టీరింగు మీద చేతులుంచి చెప్పింది. "రాజు పర్మిషన్ ఇచ్చాడు, అమ్మమ్మా. కానీ ఒక కండిషన్. సభలోకి బూట్లు తీసి రావాలి. అక్కడ అందరూ అలాగే వెళ్తారు. దొర నో అన్నాడు."

"ఎందుకట? కాలికి పుండేమైనా ఉందా?"

"పుండు కాదు. అక్కడ ఉన్నది దొర కాదు, కంపెనీ. దొర బూట్లు తీస్తే కంపెనీ తల దించినట్టు. వాళ్లు ఒక ఐడియా చెప్పారు. దొర దగ్గర రాతకోతలు చూసే ఒక మున్షీ ఉన్నాడు, వాళ్ల భాష తెలుసు. కోట అధికారితో రోజూ భోజనం చేస్తున్నాడు. 'ఆయన్ని పంపు, మాట్లాడతాం' అన్నారు. దొర దానికీ నో. నౌకరు వెళ్లి రాజుని చూస్తే తన డిగ్నిటీ పోతుంది అని."

"ఆ తరవాత?"

"మంచు పడింది. దారి క్లోజ్ అయింది. ఇంటికి వెళ్లిపోయాడు. పుస్తకంలో మాత్రం వెదర్ బాలేదు అని రాశాడు."

నాకు ఒళ్లు మండింది. "ఇన్ని కొండలు ఎక్కి, ఇంతమంది చేత మోయించి, గుర్రాల్ని పస్తులుంచి, బూట్లు విప్పలేక వెనక్కి పోయాడా? వెధవ!"

"అంత సింపుల్ కాదు, అమ్మమ్మా. బూట్లు విప్పితే కలకత్తాలో అతని జాబ్ పోయేది. రాజు ఆ కండిషన్ వదిలేస్తే అక్కడ రాజు పరువు పోయేది. ఇద్దరి వెనకా చూసేవాళ్లు ఉన్నారు." ముందున్న లారీని దాటాక అంది, "అమ్మకి మావయ్య అంటే కోపం కాదు. ఆ రోజు చూసిన గెస్టుల ముందు తగ్గలేకపోతోంది. అంతే."

ఈ పిల్ల దొర వెంట పడి ఊరికే పోలేదనిపించింది. ఉద్యోగం సంగతి మళ్లీ ఎత్తలేదు.

ఒహాయోలో రోడ్డు పక్క పెద్ద ప్లాజాలో ఆగాం. కాఫీ తాగుతూ భరిణె మూత సరిగ్గా ఉందో లేదో అని సంచి విప్పాను. కుంకుమ చూడగానే సంచి మూసేసి కుర్చీలో వెనక్కి వాలిపోయాను.

"ఏమైంది అమ్మమ్మా? షుగర్ తగ్గిందా?"

"షుగరు కాదే. బొట్టు ఎవరు పెడతారు?"

"నువ్వు."

"నేను పెట్టకూడదు. మీ తాతయ్య లేడు. భర్త ఉన్న ఆడది పెట్టాలి."

"అయితే నేను పెడతా."

"నీ పెళ్లికి నువ్వే బొట్టు పెట్టి పిలుస్తావా? ఎక్కడా వినలేదు."

పిల్ల కాఫీ పక్కన పెట్టి నవ్వడం మొదలుపెట్టింది. పక్క బల్ల తెల్లవాళ్లు తిరిగి చూశారు. "అంటే మనం రెండు స్టేట్స్ డ్రైవ్ చేసి, భరిణె తెచ్చి, మనిషిని తేలేదా?"

పరిస్థితి సరిగ్గా అదే. బొట్టు పెట్టాల్సిన మనిషి పార్సిప్పనీలో కూర్చుని ఉంది. అక్కణ్నుంచే ఫోన్ చేశాను. "నువ్వు విమానం ఎక్కి రావే" అన్నాను.

"నేను రానని చెప్పానుగా అమ్మా."

"అయితే ఫోన్‌లో చెప్పు వదినకి."

అవతల ఏదో గిన్నె కింద పెట్టిన చప్పుడైంది. తరవాత "మీరు ముందు చేరండి" అని పెట్టేసింది.

మిగతా దారంతా నాకు బెంగే. కోడలు చెడ్డది కాదు, కానీ పట్టింపు మనిషి. ఏ పిలుపు రాలేదని నాలుగేళ్లు మాట మానేసిందో, ఆ పిలుపే మళ్లీ సగం సగంగా తీసుకెళ్తున్నాం. ఇది కూడా చెడితే ఇక ఎవరూ వెళ్లరు. మేనమామ ఉండగానే పిల్ల పక్క వీధి అంకుల్ చేతుల్లో మండపానికి రావాలి, లేదా నడిచి రావాలి. టొలీడో దాటాక కారు ఉత్తరానికి తిరిగింది. పిల్ల కూడా నవ్వడం మానేసింది.

ఇప్పుడు గుమ్మం దగ్గరికి వచ్చాం. బెల్లు కొట్టగానే తలుపు తీసింది నా కోడలు కాదు, కోడలి తల్లి. మా వియ్యపురాలు. విజిటర్ వీసా మీద వచ్చి ఉంది. ఆవిడ మొగుడు హైదరాబాదులో రాయిలా ఉన్నాడు, అందుకని ఆవిడ నుదుటిన రూపాయి కాసంత బొట్టు.

"వదినగారా! ఇన్నాళ్లకి దారి తెలిసిందా?" అంది.

"దారి మీ అల్లుడికి తెలుసు వదినగారూ. వాడే మరిచిపోయాడు" అన్నాను.

చెప్పులు విప్పి లోపలికి వెళ్లాం. నా వెనక మనవరాలు బూట్లు విప్పి నా చెవిలో "మనం దొర కంటే బెటర్" అంది. దాని వీపు మీద ఒక్కటి వేశాను.

కొడుకు గరాజులోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. జుట్టు సగం తెల్లబడింది. నాలుగేళ్లు ఫోన్‌లో గొంతు మాత్రమే వింటే జుట్టు సంగతి ఎలా తెలుస్తుంది? మేనకోడల్ని చూసి ఆగిపోయాడు. అది "మావయ్యా" అని వెళ్లి మెడ పట్టుకుంది. వాడు దాని తల మీద చెయ్యి వేశాడు.

కోడలు వంటింట్లోంచి మంచినీళ్లు తెచ్చింది. వంగి నా కాళ్లకు దణ్ణం పెట్టింది. లేచి గుమ్మం వైపు చూసింది, ఇంకెవరైనా వస్తారేమోనని.

"మీ అమ్మాయి రాలేదా అత్తయ్యా?"

అందరూ నన్నే చూస్తున్నారు. చుట్టూ తిప్పి మాట్లాడడం నాకు చేతకాదు. సంచి తీసి బల్ల మీద పెట్టాను. "రాలేదమ్మా. చీర పంపింది, పండ్లు పంపింది, భరిణె పంపింది. తను రాలేదు. పెళ్లికి పిలవడానికి వచ్చాం. ఒహాయో వచ్చాక తెలిసింది, మా ఇద్దరిలో బొట్టు పెట్టే చెయ్యి లేదని. ఇంతే సంగతి. నీకు కోపం వస్తే నన్ను తిట్టు, పిల్లని ఏమీ అనకు. దానికి మేనమామ బుట్ట కావాలి."

వియ్యపురాలు చీర కొస సవరించుకుంది. "అదేమిటి వదినగారూ! శుభకార్యానికి పిలుపంటే ఒక పద్ధతి ఉండొద్దూ? మీరెలా..." అని, మిగతాది మింగింది. మింగినా వినబడింది. నాకు బాధ వెయ్యలేదు. పదకొండేళ్లుగా పేరంటాల్లో భరిణె నా ముందునుంచి పక్కావిడ దగ్గరికి పోవడం అలవాటే.

కోడలు బల్ల దగ్గరికి వెళ్లింది. భరిణె తీసి మూత తిప్పి చూసింది. "ఇది మీ అత్తగారిది కదూ? నా పెళ్లికి కూడా దీనితోనే పెట్టారు" అంది.

"అవును. అప్పుడు మీ మావగారు ఉన్నారు."

"ఆ రోజు నాకు పెట్టింది మీరే."

"నేనే."

ఆమె నేరుగా వచ్చి నా ఎదుట సోఫా ముందు నేల మీద కూర్చుంది. భరిణె నా చేతికి ఇచ్చింది. "పెట్టండి అత్తయ్యా."

"అమ్మాయ్!" అంది వాళ్లమ్మ.

"నువ్వు ఊరుకో అమ్మా. నాలుగేళ్ల కిందట ఫోన్‌లో ఒక్క మాట వస్తే చాలనుకున్నాను. ఇవాళ మా అత్తగారు ఈ మోకాళ్లతో పొద్దుటినుంచీ కార్లో కూర్చుని వచ్చారు. ఇంతకంటే పిలుపు ఏముంటుంది? నువ్వు పద్ధతులు చెప్పి దీన్ని కూడా చెడగొట్టకు."

"నేనేం చెడగొట్టానే! మంచిచెడూ చెప్పడం కూడా తప్పేనా?" అని వియ్యపురాలు గొణిగింది. తరవాత, నిజం చెప్పాలి, ఆవిడే లేచి కుంకుమ తడపడానికి గిన్నెలో నీళ్లు తెచ్చింది.

కుంకుమలో వేలు ముంచాను. అన్నేళ్లుగా ముట్టుకోనిది. నెమ్మదిగా గుండ్రంగా దిద్దాను. బేస్‌మెంట్‌లో దిద్దిన మొదటి సున్న కంటే బాగా వచ్చింది. "ఆగస్టులో నీ ఆడపడుచు కూతురి పెళ్లి. మీ ఇద్దరూ వచ్చి నడిపించాలి" అన్నాను. ఇంకా ఏవో అనాలని దారంతా అనుకున్నాను గానీ గుర్తు రాలేదు.

అప్పుడే మనవరాలి ఫోన్ మోగింది. మా అమ్మాయి. పిల్ల స్పీకరు నొక్కి బల్ల మీద పెట్టింది.

"చేరారా? వదిన ఉందా?" అంది. ఎవరూ జవాబు చెప్పేలోగా గబగబా అనేసింది. "వదినా, నువ్వు వింటున్నావని నాకు తెలుసు. బొట్టు పెట్టి పిలుస్తున్నాననుకో. నువ్వూ అన్నయ్యా రావాలి."

కోడలు నుదుటి తడి బొట్టు చెదరకుండా ఫోన్ దగ్గరికి వంగింది. "అనుకోవడం ఎందుకమ్మా? మీ అమ్మగారు పెట్టేశారు. నువ్వు ఆలస్యం."

అవతల ముందు ఏడుపు, తరవాత నవ్వు. నా కొడుకు ఫోన్ దగ్గరికి రాలేదు. అక్కడే నిలబడి మేనకోడల్ని పైనుంచి కిందికి చూస్తున్నాడు.

"బుట్ట ఎక్కణ్నుంచి తెస్తున్నారు?" అన్నాడు చివరకు.

"హాల్‌వాళ్లు రెంట్‌కి ఇస్తారు అన్నయ్యా" అంది ఫోన్‌లోంచి మా అమ్మాయి.

"రెంట్ బుట్టా? దాని అడుగు ఎవడు చూశాడు? అందులో ఎంతమంది కూర్చుని లేచారో! వద్దు. నేను ఇక్కడ తయారు చేయిస్తాను. లోడ్ టెస్ట్ చేసి కార్లో తెస్తాను." మేనకోడలి వైపు తిరిగాడు. "నువ్వెంత బరువు?"

"మావయ్యా! అలా అడగకూడదు!"

"అడక్కపోతే ఎలా? నా నడుం సంగతి నాకు తెలుసు. ఈ మూడు నెలలూ పిజ్జా మానెయ్."

"నువ్వు జిమ్‌కి వెళ్లు!"

వియ్యపురాలికి కూడా నవ్వు ఆగలేదు. "మా అల్లుడు బియ్యం బస్తా ఎత్తాలంటేనే ఆయాసపడతాడు" అంది. "అందుకే పెళ్లిదాకా రోజూ బియ్యం బస్తా ఎత్తిస్తాను" అంది కోడలు. వాడు ఆ సాయంత్రమే గరాజులోంచి కొలత టేపు తెచ్చి పిల్లని నేల మీద బాసిపట్టు వేయించి అడ్డం, నిలువు కొలిచాడు. కొలుస్తూ ఫోన్ వైపు చూడకుండా "ఏమే, ఇల్లు బాగుందా?" అని చెల్లెల్ని అడిగాడు. నాలుగేళ్ల ఇల్లు. "వచ్చి చూడు" అంది అది.

ఆ రోజు ఆ గదిలో ఉన్నవాళ్లు: నా కొడుకు, చేతిలో టేపుతో. నా కోడలు, నుదుట నేను పెట్టిన బొట్టుతో. మా వియ్యపురాలు, నీళ్ల గిన్నెతో. నా మనవరాలు, కొలతకు కూర్చున్న పెళ్లికూతురు. బల్ల మీద ఫోన్‌లో మా అమ్మాయి, దాని వెనక వినీ విననట్టు దగ్గుతూ మా అల్లుడు. దొర కూడా వచ్చాడు గాని కారు వెనక సీట్లో కాగితాల సంచిలో ఉండిపోయాడు, ఎవరికీ గుర్తు రాలేదు. ఇంకా నేను.